కట్ట విప్పని పత్రికలు

సంపాదకుల వారికి,

విశ్వాసవ్యాప్తిలో కతోలిక పత్రికల పాత్ర గురించి సభల్లో ఎంత గొప్పగా మాట్లాడుకున్నా, అసలు సంగతి మాత్రం హైదరాబాదులోని మా గుడి గుమ్మం దగ్గరే తెలిసిపోతుంది. ఆదివారం దివ్యబలిపూజ ముగిసి జనమంతా వెళ్లిపోయాక కూడా బల్ల మీద మా విచారణ (ఈ గుడి కిందికి వచ్చే విశ్వాసుల సంఘం) మాసపత్రిక కట్ట పురికొస విప్పకుండా అలాగే ఉంటుంది. పోయిన నెల ఒక ప్రతి ఇంటికి తెచ్చుకుని తిరగేస్తే, 24 పేజీల్లో 15 పేజీలు శాలువాలు, దండలు, కేకు కోతలే కనిపించాయి. సత్యోపదేశానికి, అంటే విశ్వాస బోధకు, మిగిలింది ఒకే ఒక్క పేజీ, అదీ ఇంగ్లీషు నుంచి మక్కికి మక్కి దించినది.

ప్రపంచ కతోలిక పీఠాధిపతుల సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ సమాచార సాధనాల గురించి 1963 డిసెంబరు 4న వెలువరించిన 'ఇంతెర్ మిరిఫికా' డిక్రీ, నిజమైన కతోలిక పత్రికలను నెలకొల్పి పోషించాలని కోరింది. పెంతెకోస్తు పండుగకు ముందు ఆదివారం మనం 1967 నుంచి జరుపుకుంటున్న సమాచార సాధనాల దినోత్సవానికి మూలం కూడా అదే. మా గుడిలో ఆ రోజు ఒక ప్రకటన చదువుతారు, అంతే.

పోలండుకు చెందిన పునీత మాక్సిమిలియన్ కోల్బే 1930లో నాగసాకి చేరేనాటికి ఆయనకు జపాను భాష రాదు. అయినా అక్కడివారి సాయంతో అనువాదాలు చేయించి, నెల తిరిగేసరికల్లా జపాను భాషలోనే పత్రిక తెచ్చారు. మనకు ఆ ఇబ్బంది కూడా లేదు, తెలుగు మన ఇంటి భాషే. కేరళలోని మన్నానంలో 1887లో 'నస్రాణి దీపిక'గా మొదలైన పత్రిక దినపత్రికగా ఎదిగి నేటికీ వస్తోందంటే, అది గుడి ప్రహరీ దాటి లోకం సంగతులు కూడా రాయబట్టే అని నా అభిప్రాయం.

మా తాతగారు ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలంలో రాత్రిపూట అరుగు మీద కూర్చుని పత్రికలోని పునీతుల చరిత్రను పైకి చదివేవారు. చదువురాని మా నాయనమ్మతో పాటు, క్రైస్తవులు కాని పక్కింటివారు కూడా వచ్చి వినేవారు. వారిని మతం మారమని ఎవరూ అడగలేదు, వారు మారనూ లేదు. కానీ జపమాల ఎందుకు చెబుతామో, విభూది బుధవారం నుదుట బూడిద గుర్తు ఎందుకో వారికి తెలిసింది. ఇప్పుడు నాతో పనిచేసే మిత్రుడు అవే ప్రశ్నలు అడిగితే, చేతికివ్వడానికి మా పత్రికలో ఒక్క వ్యాసం లేదు.

మా గుడి గురువులను, పత్రిక సంపాదకవర్గాన్ని నేను కోరేది ఒక్కటే. నెలకు నాలుగు పేజీలు ఇలాంటి ప్రశ్నలకు కేటాయించి, ఊళ్లల్లో తిరిగి విశ్వాసం బోధించిన ఉపదేశుల చేత వారు మాట్లాడే తెలుగులోనే జవాబులు రాయించండి. సన్మానాల ఫోటోలు నోటీసు బోర్డు మీద పెట్టండి, ఎవరి ఫోటో వారు అక్కడే చూసుకుంటారు.

ఇట్లు,
ఒక విచారణ సభ్యుడు,
హైదరాబాదు