మీ పిల్లలు అద్దం, జంపఖానా ఎందుకు అడుగుతున్నారంటే

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఎనిమిదో తరగతి పిల్లలు ఇంట్లో అద్దం, స్టీలు పళ్లెం, పాత జంపఖానా కావాలని వెంటపడుతుంటే కంగారు పడకండి. అవన్నీ మా సైన్స్ ల్యాబ్‌కే వస్తున్నాయి. రోబో తన చుట్టూ ఏముందో ఎలా పసిగడుతుందో ఇప్పుడు నేర్పుతున్నాం.

"రోబో ఎప్పుడు నడుస్తుంది మేడం?" అని కొందరు అడిగారు. కిట్‌తో వచ్చే ప్రోగ్రాం ఎక్కిస్తే ఒక పూటలో నడుస్తుంది, అదేం పెద్ద పని కాదు. అది ఎక్కడ బోల్తా పడుతుందో, ఎందుకు పడుతుందో పిల్లలు చెప్పగలగాలన్నదే నా పట్టు. అందుకే చక్రాలు పక్కనపెట్టి, చుట్టూ ఉన్నవాటిని పసిగట్టే సెన్సర్లతో మొదలుపెట్టాం.

ముందు అల్ట్రాసోనిక్ సెన్సర్. ఇది సెకనుకు దాదాపు 40 వేల కంపనాలుండే శబ్దాన్ని పంపుతుంది. మన చెవికి అందదు. మోటబావిలోకి కేకేస్తే తిరిగొచ్చినట్టు అది ఎదుటి వస్తువుకు తగిలి వెనక్కి వస్తుంది. వెళ్లిరావడానికి పట్టిన సమయాన్ని శబ్ద వేగంతో గుణించి సగం చేస్తే దూరం తెలుస్తుంది. గోడ దూరం సరిగ్గానే చెప్పింది. కొత్తవాడ జంపఖానాను మడతలు మడతలుగా వేలాడదీస్తే మాత్రం అంకెలు తడబడ్డాయి. మెత్తటి బట్ట శబ్దాన్ని మింగేస్తుంది. అద్దమో స్టీలు పళ్లెమో ఏటవాలుగా పెడితే శబ్దం పక్కకు పోయింది, ఎదురుగా ఏమీ లేదనుకుంది సెన్సర్.

"మరి మన ఎండలకు లెక్క మారదా?" అని ఒకమ్మాయి అడిగింది. మారుతుంది. 20 డిగ్రీల గాలిలో శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతే, 42 డిగ్రీల్లో దాదాపు 357 మీటర్లు పోతుంది. పాత అంకెతోనే లెక్కేస్తే మీటరు దూరంలో ఉన్న గోడ 96 సెంటీమీటర్ల దగ్గరే ఉందంటుంది. ఆ రోజు సైన్స్ సార్ బెల్లు కొట్టినా క్లాసు వదల్లేదు. తర్వాతి పీరియడ్ తెలుగు టీచర్‌కు ఇంకా కోపం తగ్గలేదు.

నల్ల గీత వెంట నడిచే రోబోలకు వాడేది ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనపడని వెలుగుతో పనిచేసే సెన్సర్. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి వరండాలోకి తేగానే గీత తప్పింది. ఇంట్లో మీరూ చూడొచ్చు: టీవీ రిమోట్‌ను ఫోన్ సెల్ఫీ కెమెరా వైపు తిప్పి బటన్ నొక్కండి. మన కంటికి కనపడని వెలుగు చాలా ఫోన్లలో కనిపిస్తుంది.

కష్టమంతా కెమెరాతోనే. దానికి తెలిసింది బొమ్మ కాదు, అంకెల పట్టిక: నలుపుకు 0, తెలుపుకు 255, మిగతావి మధ్యలో. వేయిస్తంభాల గుడి ఫోటోలో చిన్న ముక్కను గ్రాఫ్ కాగితం మీద గళ్లుగా విడదీసి, గడిగడికీ అంకె వేయించాం. పక్కపక్క గళ్ల మధ్య తేడా బాగా ఉన్నచోట అంచు ఉన్నట్టు. స్తంభం అంచు దొరికింది. నేల మీద పడ్డ నీడకూ అలాంటి అంచే దొరికింది! ఏది రాయి, ఏది నీడ అని పెద్ద వాదనే జరిగింది. రెండు కెమెరాలతో చూస్తే లోతు తెలుస్తుందన్నది అక్కడ అవసరపడింది. చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్‌కూ అలా రెండు నావిగేషన్ కెమెరాలున్నాయి. 2023 ఆగస్టు 27న దానికి 3 మీటర్ల ముందు 4 మీటర్ల వెడల్పున్న గుంత ఎదురైతే, ఇస్రో వాళ్లు దాన్ని వెనక్కి మళ్లించారు.

ఇది ఎస్ఏ-2 పరీక్షల్లో రాదు, ఆ టెన్షన్ వద్దు. కిట్లు ఎవరూ కొనొద్దు, స్కూల్లో ఉన్నవి చాలు. లేజర్ లైట్లు మాత్రం అస్సలు పంపకండి, కళ్లకు ప్రమాదం.

వచ్చే శనివారం మధ్యాహ్నం 3 గంటలకు ల్యాబ్‌కు రండి. సెన్సర్‌ను తికమకపెట్టే వస్తువేదైనా ఇంటి నుంచి తెస్తే మరీ మంచిది. వెళ్లేటప్పుడు పళ్లేల మీద పేర్లు చూసుకుని తీసుకెళ్లండి. ఎవరివో తెలియనివి ఇప్పటికే కొన్ని మా దగ్గర ఉన్నాయి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
హన్మకొండ