మేడ మీది దొంగ

విజయనగరం
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ గవర్నరూ,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళయిందో గుర్తు చెయ్యకు. పైడితల్లమ్మ సిరిమాను అవగానే రాద్దామనుకున్నాను గానీ ఇల్లంతా చుట్టాలు, ఆ తర్వాత ఆఫీసులో ఆడిట్టు. క్షమించెయ్. ఇక్కడ అందరం కులాసా. చెల్లికి పార్వతీపురం బదిలీ అయింది. మీ వీధి చివర చింతచెట్టు కొట్టేశారు. మిగతావి తర్వాత. ముందు మా ఇంట్లో జరిగిన దొంగతనం చెప్పాలి.

మేడ మీద ఆల్పైన్ స్ట్రాబెర్రీ వేశాను. నవ్వకు. లంబసింగిలో పండించే పెద్దవి కావు. ఆ పెద్దవి రెండు అమెరికా జాతులు కలిసి 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో పుట్టిన సంకరం. ఇది అంతకు ఎంతో ముందు నుంచీ యూరప్ అడవుల్లో ఉన్నది. పండు చిటికెన వేలి గోరంత ఉంటుంది. తీగ పాకదు, కుండీలోనే గుబురుగా ఉంటుంది. విత్తనాల సంగతి అడక్కు, తుమ్మితే ఎగిరిపోతాయి. కొన్ని వారాలు ఫ్రిజ్‌లో పెట్టి చలి చూపించాలి (అమ్మ గసగసాలనుకుని కూరలో వెయ్యబోయింది). తర్వాత తడి మట్టి మీద చల్లి వదిలెయ్యడమే. పైన మట్టి కప్పకూడదు, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. అవి మొలిచేదాకా నాకు పట్టిన టెన్షన్ పదో తరగతి రిజల్ట్స్ అప్పుడు కూడా లేదు.

ఎరుపు, పసుపు రెండు రకాలూ వేశాను. సంక్రాంతి దాటాక కాపు మొదలైంది. ఎర్రవి రంగు తిరగడం పాపం, పిగిలిపిట్టలు ముందే కాచుక్కూర్చునేవి. పసుపువి పండినా వాటికి పచ్చికాయల్లాగే కనిపిస్తాయట, జోలికి రావు. అందుకే ఆ రకం తెప్పించాను. తీరా చూస్తే పసుపువీ మాయం! వల కట్టాను. అయినా మాయం. ముచ్చిక మాత్రం మొక్కనే ఉంటోంది, పండు శుభ్రంగా ఊడిపోతోంది. ఏ ఉడతా అంత పద్ధతిగా తినదురా. ఎదురింటి కుర్రాణ్ణి అనుమానించాను. ఒకరోజైతే మన రైల్వేగేటు పెద్దమనిషి కూడా గుర్తొచ్చాడు, ఆ కేసూ ఇలాగే కదా!

నిన్న పొద్దున్న నాన్నకి పేపరు అందిస్తుంటే ఆయన చేతుల దగ్గర పైనాపిల్ వాసన. మా ఇంట్లోకి పైనాపిల్ వచ్చి ఎన్నాళ్ళయిందో. పసుపు రకం వాసన అచ్చం అదే! మీసం వంక చూద్దును కదా, గింజ ఒకటి అంటుకుని ఉంది. కాలి బొటనవేలు వాపని కింద గదిలోకి మంచం మార్పించుకున్న మనిషి, మేడ మెట్లెక్కలేనని ఇల్లంతా చాటిన మనిషి!

"ఏటిరా అలా చూస్తావు? లినేయస్ గారు తినలేదేటి?" అన్నారు.

అదీ సంగతి. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్, 1753లో ఈ మొక్కకి శాస్త్రీయ నామం పెట్టినాయన, తన గౌటు (నాన్నకున్న ఆ బొటనవేలి వాపు జబ్బే) ఈ పళ్ళు తినడం వల్లే తగ్గిందని నమ్మాడు. అది నాన్నకి చదివి వినిపించింది నేనే. డాక్టరేమో యూరిక్ యాసిడ్ మాత్ర మానొద్దన్నాడు. మాత్రా మానలేదు, మేడా మానలేదు నాన్న. పడీపడీ నవ్వాంరా. రాత్రి పడుకున్నాక మాత్రం, రిటైరయ్యాక ఆయన దేనికైనా అలా ఆశపడి పొద్దున్నే లేచి... సరేలే.

ఆకులు కూడా మందే. నీడన గలగలలాడేలా ఎండబెట్టి కాచుకుంటారు, సగం వడలినవి వద్దంటారు. టానిన్లు (వగరు పదార్థాలు) ఉంటాయి కాబట్టి విరేచనాలకి వాడటం యూరప్‌లో పాత అలవాటు. పెద్దమ్మకి కడుపు బాగులేనప్పుడు ఓఆర్‌ఎస్‌తో పాటు కాసిన్ని ఇచ్చాను. ఒక్క గుక్క తాగి మూతి ముడిచి, "ఇంత వగరా? మన దానిమ్మ తొక్క కషాయమే నయం. దీనికి అంత దూరం నుంచి విత్తనాలు తేవాలేటి?" అంది. నాకు జవాబు తోచలేదు.

అసలు బెంగ ఏప్రిల్ గురించి. చల్లటి చోట బతికే మొక్క, మన ఉక్క దానికి పడదు. పొద్దుటి ఎండ మాత్రం తగిలేలా తూర్పు గోడ వారకి మార్చి పైన షేడ్‌నెట్ కడదామని చూస్తున్నాను. ఎన్ని మిగులుతాయో. నీకు పళ్ళు పంపలేను, కోసిన సాయంత్రానికే మెత్తబడిపోతాయి. బజార్లో ఎందుకు కనపడవో నాకు అప్పుడు అర్థమైంది. గింజలు ఆరబెడుతున్నాను, వచ్చే ఉత్తరంలో పెడతాను. మీ ఆవిడతో ముందే చెప్పు, గసగసాలు కావని. ఇంకా ఆ లైబ్రరీ గొడవ రాయాలి, అదొక పెద్ద...

కొళాయి వచ్చేసింది. అమ్మ బిందెలు పట్టమని కేకలేస్తోంది. ఉంటాను.

నీ
మూడో బెంచీ