ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి కిటికీ దగ్గర కూర్చోబెట్టండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మా అమ్మమ్మ ఫొటో మా ఇంట్లో ఒక్కటే ఉంది. ఆమె పోయాక రేషన్ కార్డులో అందరితో కలిసి దిగిన ఫొటోలోంచి ఆమె ముఖం ఒక్కటే తీయించి, పెద్దది చేయించి దండ వేశాం. అందులో కళ్లు మసకగా ఉంటాయి, పెదవులు బిగించి ఉంటాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వే మనిషి ఆమె. ఆ నవ్వు నా పిల్లలకు చూపిద్దామంటే నా దగ్గర ఏమీ లేదు. ఈసారి తొమ్మిదో తరగతికి, ఇంట్లో పెద్దవాళ్లను ఫొటో తీసి వాళ్ల మాటలు రాసుకొచ్చే ఈ ప్రాజెక్టు ఇవ్వడానికి అదే కారణం.

ముందుగా సోషల్ టీచర్ రాజా దీన్ దయాళ్ గురించి ఒక క్లాసు చెప్పారు. మన సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన మనిషి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫర్. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో విడిగా జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది కూడా ఒక మహిళే. ఆ ఫొటోల్లోని నగలు, తలపాగాలు చూసి పిల్లలు ముచ్చటపడ్డారు. అంతలో ఒక అమ్మాయి, "మరి మా ముత్తాత ఫొటో ఎందుకు లేదు మేడమ్?" అని అడిగింది. అప్పట్లో ఫొటో ఎక్కువగా ఉన్నవాళ్ల ముచ్చట. చాలామంది ఇళ్లలో రెండు తరాల వెనక్కి వెళ్తే ముఖాలే లేవు. ఇప్పుడు ప్రతి ఇంట్లో కెమెరా ఉంది, కానీ మనం పెద్దవాళ్ల వైపు దాన్ని తిప్పడం లేదు.

ఆ అమ్మాయే వాళ్ల నానమ్మ చేతిని ఫొటో తీసి తెచ్చింది. ముడతల మధ్య పచ్చబొట్టు, చిన్న తేలు బొమ్మ. పుట్టినప్పటి నుంచి రోజూ చూస్తున్న చెయ్యే, కానీ ఎవరు పొడిచారని ఎప్పుడూ అడగలేదట. పెళ్లికి ముందు జాతరలో పొడిపించారని, నొప్పికి ఏడిస్తే వాళ్ల నాన్న బెల్లం ముక్క నోట్లో పెట్టాడని నానమ్మ చెప్పిందట. ఆ మాటలు అలాగే రాసుకొచ్చింది, ఒక్క అక్షరం మార్చనివ్వలేదు.

పిల్లలకు ఒకటి గట్టిగా చెప్పాం. అడగకుండా తీయొద్దు. ఏ చీర కట్టుకోవాలో, మగ్గం దగ్గర కూర్చోవాలో, ఆటో పక్కన నిలబడాలో ఆ పెద్దవాళ్లే చెప్పాలి. వద్దంటే ఊరుకోవాలి.

మీ సాయం కొంచెం కావాలి. ఫ్లాష్ వద్దు, పొద్దున పూట కిటికీ పక్కన కూర్చోబెడితే చాలు. పాత ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకకండి, అద్దం మీదనుంచే తీయనివ్వండి. అసలు ఫొటోలు బడికి పంపకండి. ఇంట్లో ఉన్నవాటి వెనక పేరు, ఊరు పెన్సిల్‌తో మెల్లగా రాయించండి. అవి చెప్పగలిగేవాళ్లు ఇప్పుడు మీ ఇంట్లోనే ఉన్నారు.

చదువు పోతుందని కొందరు ఫోన్ చేశారు. టెన్షన్ పడకండి, ఇది ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టు కిందే లెక్క.

సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి శనివారం, పది గంటలకు ప్రదర్శన. నానమ్మలనూ తాతయ్యలనూ వెంట తీసుకురండి. ముందు వరుస కుర్చీలు వాళ్లకే.

మీ
ప్రధానోపాధ్యాయురాలు