పక్క ఊరి వాడిని అడుగు సుబ్బూ

ఒరేయ్ సుబ్బూ,

ఆదివారం ఫోన్లో నువ్వడిగిన దానికి నేను జవాబు చెప్పేలోపే మీ వాటర్ వర్క్స్ ఏఈ వచ్చాడు, నువ్వు పెట్టేశావు. "మా మున్సిపాలిటీకైతే పైనుంచి జీవోలొస్తాయి, మెమోలొస్తాయి, పొద్దున్నే వీడియో కాన్ఫరెన్సు. అమెరికాలో మీ కౌంటీకి ఏం చెయ్యాలో ఎవరు చెప్తార్రా?" అన్నావు. నాలుగు రోజుల్నుంచి అదే మాట బుర్రలో తిరుగుతోంది. ఫోన్లో తేలే సంగతి కాదని ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను.

ముందు అమ్మ మోకాళ్ళ సంగతి రాయి. ఆపరేషన్ చేయించేద్దామా, ఆగుదామా అన్నది ఏం తేల్చారు? చెల్లెమ్మకి బదిలీ ఖాయమైందా?

ఇక నీ ప్రశ్న. మాకు ఎలా చెయ్యాలో చెప్పేవాళ్ళు పైన ఎవరూ లేర్రా. చట్టాలు మాత్రం బోలెడు. రాష్ట్రం చట్టం, ఫెడరల్ చట్టం అంటే కేంద్రానిది, వాటి కింద రూల్సు. ఫలానాది చెయ్యకూడదని, ఫలానాది చేసి తీరాలని వాటిలో ఉంటుంది. దాన్ని ఏ పద్ధతిలో చేస్తే డబ్బు వృథా కాదో, కాంట్రాక్టరు మధ్యలో చేతులెత్తెయ్యడో మాత్రం ఉండదు. అది పక్క ఊరి వాళ్ళనే అడిగి తెలుసుకోవాలి.

కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకో, కాకపోతే కలెక్టరు ఉండడు. కాలిఫోర్నియాలో 58 కౌంటీలున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో ఒక్కటి వదిలేస్తే ప్రతి దానికీ ప్రజలు ఎన్నుకున్న ఐదుగురు సూపర్వైజర్ల బోర్డు ఉంటుంది. జైలు, ఎన్నికలు, పేదల సాయం, ఊళ్ళ బయటి రోడ్లు, ఇవన్నీ వాళ్ళ నెత్తినే. రోజువారీ పని నడపడానికి వాళ్ళొక పెద్ద అధికారిని పెట్టుకుంటారు. ఆయన ఆఫీసులో బడ్జెట్ చూసేవాళ్ళలో నేనొకడిని.

ఊళ్ళు నడిపేవాళ్ళు ఒకరినొకరు అడిగి నేర్చుకోవడం ఇక్కడ నిన్న మొన్నటి అలవాటు కాదు. 1913లో ఒహాయోలోని డేటన్‌ని వరద ముంచేసింది, వందల మంది పోయారు. ఇక రాజకీయాలు తెలిసిన మనిషి కాదు, పని తెలిసిన మనిషి ఊరు నడపాలని జనం పట్టుబట్టారు. మరుసటి ఏడాది నుంచి ఎన్నికైన కౌన్సిల్ ఒక మేనేజరుని ఉద్యోగంలో పెట్టుకునే పద్ధతి అక్కడ మొదలైంది. అంతకుముందే, 1908లో, వర్జీనియాలో స్టాంటన్ అనే చిన్న ఊరు ఆ దారి పట్టింది. 1914 చివర్లో అలాంటి మేనేజర్లు కొద్దిమంది ఒహాయోలోనే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కలుసుకున్నారు. ఊరు నడపడమే ఉద్యోగంగా ఉన్నవాళ్ళు అప్పటికి దేశం మొత్తం మీద కొద్దిమందే. ఎవరి తిప్పలు వాళ్ళు చెప్పుకోవడానికి పోగయ్యారు. ఊళ్ళూ కౌంటీలూ నడిపే మేనేజర్ల ఆ సంఘమే ఇవాళ ఐసీఎంఏ. పద్దులు చూసేవాళ్ళ సంఘం ఇంకా పాతది, 1906 నాటిది. కౌంటీల జాతీయ సంఘం 1935లో వచ్చింది. ప్రభుత్వం ఉత్తర్వు వేసి పెట్టినవి కావురా ఇవి, వాళ్ళంతట వాళ్ళు పెట్టుకున్నవి.

నా సంగతే చెప్తాను. పోయినేడు ఒక పాత లైబ్రరీ పైకప్పు మార్చే ఫైలు నా బల్ల మీదికొచ్చింది. నేను చేసిన మొదటి పని వేరే మూడు కౌంటీలు అలాంటి పనికి బోర్డు ముందు పెట్టిన నోట్లు చదవడం. స్టాఫ్ రిపోర్ట్ అంటారిక్కడ. పని ఎందుకు, ఎంతవుతుంది, డబ్బు ఎక్కడిది, ఒప్పందంలో ఏముంది, అన్నీ ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. అంతా చదివాక వాటిలో ఒకటి రాసినావిడకి ఫోన్ చేశాను. ఎప్పుడూ చూసిన మనిషి కాదు. ముప్పావు గంట మాట్లాడింది. "వానాకాలం లోపు పూర్తి చెయ్యకపోతే రోజుకింత అని కోత రాయండి. మేం రాయలేదు, పుస్తకాల మీద పరదాలు కప్పుకుని కూర్చున్నాం" అంది. ఆ మాట ఆ రిపోర్టులో ఎక్కడా లేదు. ఎవరూ రాయరు కూడా. అడిగితేనే తెలుస్తుంది.

ఆ పైకప్పు మీదే నేనొక పొరపాటు చేశాను. మీటింగు ఎజెండా 72 గంటల ముందు జనానికి కనబడేలా పెట్టి తీరాలి, అందులో లేనిది బోర్డు మాట్లాడకూడదు. నేను ఆ ఐటమ్ ఎక్కించడం మర్చిపోయాను. ఇక బోర్డు దాన్ని ముట్టుకోలేదు, తర్వాతి మీటింగుకి పోయింది. రెండు వారాలు ఆలస్యం. చాలా సిగ్గేసింది. అయినా ఆ రూలు మంచిదనే ఇప్పటికీ అంటాను. దాని పేరు బ్రౌన్ చట్టం, 1953 నాటిది. అంతకు ముందు కౌన్సిళ్ళు గదుల్లో కూర్చుని ముందే తేల్చేసుకుని వచ్చేవి. ఒక శాన్‌ఫ్రాన్సిస్కో పత్రిక 1952లో దాని మీద వరసగా కథనాలు రాసింది, ఆ వేడిలో చట్టం వచ్చింది. ఇప్పుడు మా ఐదుగురిలో ముగ్గురు కలిసి కాఫీ తాగుతూ కౌంటీ పని మాట్లాడుకున్నా తప్పే. మనకీ 2005 సమాచార హక్కు చట్టంలో 4వ సెక్షన్ ఉంది కదా, ఎవరూ అడగకముందే మనంతట మనమే బయట పెట్టాలని. నువ్వే నాకు చెప్పావు, మీ ఆఫీసు గోడ మీద ఆ బోర్డు ఎప్పుడో వెలిసిపోయిందని. దానికి మళ్ళీ రంగు వేయించరా.

బెల్ అనే ఊరి సంగతి ఎప్పుడైనా చెప్పానా? లాస్ ఏంజలస్ పక్కన చిన్న ఊరు, ఎక్కువగా కూలీనాలీ చేసుకునే కుటుంబాలు. 2010లో లాస్ ఏంజలస్ టైమ్స్ బయటపెట్టేదాకా అక్కడి మేనేజరు రాబర్ట్ రిజో జీతం ఎంతో జనానికి తెలీదు. ఏడాదికి దాదాపు 8 లక్షల డాలర్లు! దేశాధ్యక్షుడికే 4 లక్షలు. పన్ను కట్టిన వాళ్ళంతా సిటీ హాల్ ముందుకొచ్చి నిలబడ్డారు. తర్వాత ఆయనకి 12 ఏళ్ళ జైలు పడింది. నాకు ఎక్కువ నచ్చింది ఆ తర్వాత జరిగిందే. అదే ఏడాది రాష్ట్రం పద్దులు చూసే కంట్రోలర్ ఊళ్ళూ కౌంటీలూ జీతాల లెక్కలు పంపాలన్నాడు, అందరికీ కనబడేలా పెట్టాడు. ఇవాళ నా ఉద్యోగానికి ఎంతిస్తారో కూడా అందులో ఉంది. మొదట్లో ఇబ్బందిగానే అనిపించింది. ఇప్పుడు లేదు, జనం డబ్బే కదా.

ఆరెంజ్ కౌంటీ ఇంకో పెద్ద పాఠం. 1994లో అక్కడి ట్రెజరర్, అంటే ఖజానా చూసేవాడి దగ్గర కౌంటీదీ, చుట్టుపక్కల ఊళ్ళవీ, స్కూళ్ళవీ కలిపి 750 కోట్ల డాలర్ల దాకా ఉండేవి. వాటి మీద అప్పు తెచ్చి 2,000 కోట్ల దాకా పెట్టుబడి పెట్టాడు, వడ్డీ రేట్లు తగ్గుతాయన్న నమ్మకంతో. అవి పెరిగాయి. 160 కోట్లు పోయాయి, డిసెంబరులో కౌంటీ దివాలా తీసింది. అంతకుముందు కొన్నేళ్ళు మంచి వడ్డీ వచ్చింది కాబట్టి ఎవరూ గట్టిగా అడగలేదు. మాలో కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆ కథ చెప్తాం: ముందు డబ్బు భద్రం, తర్వాత కావలసినప్పుడు చేతికి రావడం, వడ్డీ అన్నిటికన్నా ఆఖరు. రాష్ట్ర చట్టంలో కూడా ఇదే వరస.

ఈ మధ్య టెన్షన్ వేరే ఉంది. ఇక్కడ పేదలకి తిండి సాయం, స్నాప్ అంటారు, దరఖాస్తులు చూసేది కౌంటీ సిబ్బందే. ఆ నిర్వహణ ఖర్చులో ఫెడరల్ ప్రభుత్వం సగం భరించేది. 2025 జూలై 4న సంతకమైన చట్టంతో 2026 అక్టోబరు నుంచి దాని వాటా 25 శాతానికి పడిపోతోంది. మిగతాది ఎవరు మొయ్యాలి? కిటికీ దగ్గర కూర్చునే వాళ్ళని తగ్గిస్తే వరసలో నిలబడే తల్లికి నెల ఆలస్యమవుతుంది. మా కౌంటీ ఒక్కటే గొంతెత్తితే ఎవరికి వినబడుతుంది? ఇందాక చెప్పిన కౌంటీల జాతీయ సంఘం లాంటిది ఉండబట్టే అందరూ కలిసి మాట్లాడగలుగుతున్నారు.

ఇప్పుడు నీ డంపింగ్ యార్డు. పాత చెత్త తవ్వి జల్లించి వేరు చేసే పనికి, అదే బయోమైనింగ్‌కి, టెండర్ పిలవాలి, రేటు ఎంత పెట్టాలో తెలీడం లేదు, పై ఆఫీసు నుంచి క్లారిఫికేషన్ రావాలి అన్నావు. నలభై కిలోమీటర్ల అవతల మున్సిపాలిటీలో అదే పని అయిపోయిందని కూడా నువ్వే అన్నావు! ఆ కమిషనర్ని అడిగావా అంటే, "బాగోదు, సీనియరు" అన్నావు. ఒరేయ్, వెళ్ళి అడుగు. టన్నులు ఎలా కొలిచారు? వేబ్రిడ్జి దగ్గర ఎవర్ని నిలబెట్టారు? జల్లించాక మిగిలిన ప్లాస్టిక్ సిమెంటు ఫ్యాక్టరీకి నిజంగా వెళ్ళిందా, మళ్ళీ ఏ గుంటలోనో పడిందా? బిల్లు ఎక్కడ ఆగింది? ఇవి ఏ జీవోలోనూ ఉండవు. 74వ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది, 12వ షెడ్యూల్లో 18 పనులు రాశారు, చెత్త వాటిలో ఒకటి. అది నీ ఊరి పనని రాజ్యాంగమే అంటుంటే, ఎలా చెయ్యాలో పక్క ఊరిని అడగడానికి మొహమాటమెందుకురా?

అలా చుట్టుపక్కల కమిషనర్లు ఐదారుగురైతే నెలకోసారి భోజనానికి కలవండి. ప్రతివాడూ ఆ నెల చెడిపోయిన పని ఒకటి చెప్పాలి. మినిట్స్ వద్దు, ఫొటోలు వద్దు. వాట్సాప్ గ్రూపు చాలదు, అందులో శుభోదయాలూ పై అధికారికి నమస్కారాలే ఉంటాయి.

నేను సంక్రాంతికి వస్తున్నాను, టికెట్లు తీసేశాను. కనుమ మర్నాడు నీ స్కూటర్ మీద ఇద్దరం ఆ ఊరి యార్డు చూసొద్దాం. ఈలోగా నీ టెండర్ డ్రాఫ్టు నాకు పంపు. కోత ఎలా రాయాలో లైబ్రరీ ఆవిడ చెప్పింది నా దగ్గరుంది, మీ రూల్సుకి సరిపోతుందో లేదో నువ్వు చూద్దువు గాని.

అమ్మకి నా నమస్కారాలు.

నీ
రవి