షాపులో సినిమాలు, నాన్న పద్యాలు

ఒరేయ్ చిన్నా,

ఫోన్లో చెబితే సగంలో "ఆయ్, సర్లే అక్కా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. బేరాలు లేనప్పుడు కౌంటర్ దగ్గర కూర్చుని తీరిగ్గా చదువు.

మొన్న నువ్వన్న మాట ఇంకా బుర్రలో తిరుగుతోంది. రీచార్జీల మీద ఏమీ మిగలడం లేదు, కొత్త సినిమాలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తే నాలుగు రాళ్లు వస్తాయి, అమలాపురంలో అందరూ చేస్తున్నదే కదా అన్నావు. పైగా 2025 నవంబరులో, కొత్త సినిమాలు ఫ్రీగా పెట్టే ఐబొమ్మ సైటు నడిపినవాణ్ని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేసినప్పుడు జనం అతని వైపే మాట్లాడలేదా అని ఎదురు ప్రశ్న.

మాట్లాడారు, ఎందుకు మాట్లాడారో నాకూ తెలుసు. అంతకు రెండు నెలల ముందే ఒక పెద్ద సినిమాకి అర్ధరాత్రి దాటాక వేసే ఆట టికెట్ వెయ్యి రూపాయలకి అమ్ముకోవచ్చని మన ప్రభుత్వమే జీవో ఇచ్చింది. కొబ్బరి దింపుకి వెళ్లే మనిషి పెళ్లాం పిల్లలతో మామూలు ఆటకి వెళ్లొచ్చినా ఆ రోజు కూలి ఎగిరిపోతుంది, కోపం రాదా మరి! కానీ ఆ సైట్లు మన మీద జాలితో నడవడం లేదురా. వాటికి డబ్బు బెట్టింగ్ యాప్‌ల ప్రకటనల నుంచి వస్తోందని పోలీసులు అప్పుడే చెప్పారు. సినిమా ఫ్రీగా చూడబోయి పక్కన మెరిసే బొమ్మ నొక్కి ఎంత పోగొట్టుకున్నారో మన వీధి కుర్రాళ్లనే అడుగు.

ఇక నీ షాపు సంగతి. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. హాల్లో కెమెరా పెట్టి తీసేవాళ్ల కోసం 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని ఇంకా బిగించారు, 3 లక్షలకి తగ్గకుండా, సినిమా తీసిన ఖర్చులో 5 శాతం దాకా వేయొచ్చు. ఎవరూ పట్టించుకోరంటావు. పట్టించుకున్న రోజు మాత్రం ముందు దొరికేది ఎక్కడో ఉన్న సైటు వాడు కాదు, బోర్డు పెట్టుకుని కూర్చున్న నువ్వు.

ఇక్కడ జర్మనీలో దించుకున్నవాడి ఇంటికే కాగితం వస్తుంది. మా కింది అంతస్తులో ఉండే భీమవరం కుర్రాడికి లాయర్ ఆఫీసు నుంచి కవరొస్తే, భాష అర్థం కాక చదివిపెట్టమని నా దగ్గరికి తెచ్చాడు. అబ్‌మానుంగ్ అంటారు దాన్ని, అంటే హెచ్చరిక నోటీసు. సినిమా పేరు, తేదీ, సెకన్లతో సహా టైము, వాడి ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరు), ఇంకెప్పుడూ చేయనని సంతకం పెట్టాల్సిన కాగితం, చివర తొమ్మిది వందల యూరోల లెక్క. టోరెంట్‌లో మనకి దిగుతుండగానే ఆ ముక్కలు మన దగ్గర్నుంచి ఇంకొకళ్లకి వెళ్తుంటాయి కదా, వీళ్లు ముఖ్యంగా పట్టుకునేది ఆ పంచడాన్నే. నాకైతే వాడి మీద జాలే వేసింది. వాడు దించుకున్నది పాత తెలుగు సినిమా, నేను నెలనెలా డబ్బు కట్టే యాప్‌లో నొక్కినా "మీ దేశంలో అందుబాటులో లేదు" అనే వస్తుంది. రిలీజు రోజే కొత్త సినిమా ఎత్తుకుపోయేవాణ్నీ, డబ్బిస్తామన్నా ఎవరూ అమ్మని పాత సినిమా వెతుక్కునేవాణ్నీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు.

అయినా నాకు ఒళ్లు మండింది వేరే దానికి. షష్ఠి తీర్థంలో నాన్న రాయబారం పద్యాలు పాడిన వీడియో యూట్యూబ్‌లో పెట్టి, ఎవరో మ్యూజిక్ కంపెనీ తమదని క్లెయిమ్ వేయగానే తీసేశావట, అమ్మ చెప్పింది. నిన్న రిలీజైన సినిమా అమ్మడానికి లేని భయం నాన్న పాట పెట్టడానికి వచ్చిందా? ఆ క్లెయిములు చాలావరకు మనుషులు చూసి వేసేవి కూడా కావు, పోలిక తగిలితే యంత్రమే వేసేస్తుంది.

లెక్క చెబుతాను విను. ఆ పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవుల్లో తిరుపతి శాస్త్రి గారు 1920లో పోయారు, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి గారు 1950లో. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ల వరకే హక్కు, ఇద్దరు కలిసి రాస్తే వెనక పోయినవారి నుంచి లెక్క. అంటే 2010తో సరి. చెళ్లపిళ్ల వారు పుట్టిన కడియం మీదుగా నువ్వు ఎన్నిసార్లు రాజమండ్రి వెళ్లావురా! కంపెనీకి హక్కంటూ ఉంటే అది వేసిన రికార్డు మీదే, అదీ విడుదలయ్యాక 60 ఏళ్లే, 1964 దాకా వచ్చిన ప్లేట్లకి అదీ చెల్లిపోయింది. నాన్న ఎవరి ప్లేటూ మోగించలేదు, హార్మోనియం పక్కన పెట్టుకుని సొంత గొంతుతో పాడాడు. పాడినవాడిగా ఆ పాట మీద 50 ఏళ్లు హక్కు నాన్నదే, కంపెనీది కాదు.

వీడియో మళ్లీ పెట్టు. క్లెయిమ్ వస్తే డిస్ప్యూట్ నొక్కి, పద్యాలకి గడువు తీరిపోయింది, పాడింది మా నాన్న, తీసింది నేను అని రాయి. వాళ్లకి 30 రోజులు టైముంటుంది, ఈలోగా జవాబివ్వకపోతే క్లెయిమ్ దానంతటదే పోతుంది. క్లెయిమ్ వేరు, ఛానల్‌కి ముప్పు తెచ్చే స్ట్రైక్ వేరు, ఛానల్ పోతుందని టెన్షన్ పడకు.

షాపుకి ఆదాయం కావాలంటే ఇంకో పని ఉంది. ఇంటింటా పెళ్లి వీడియో క్యాసెట్లు బూజు పట్టి పడున్నాయి, చూద్దామంటే వీసీఆర్ ఎవరిదీ పనిచేయదు. అవి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తే, వాళ్ల పెళ్లి వాళ్లు చూసుకుంటారు, క్యాసెట్‌కి మూడు నాలుగు వందలు అడిగినా ఇస్తారు. కంప్యూటర్‌కి తగిలించే క్యాప్చర్ కార్డు నేను పంపుతాను. వీసీఆర్ కొత్తపేట మావయ్య వాళ్ల అటక మీద ఉండాలి. అత్తని అడుగు, మావయ్యని అడిగితే ఇవ్వడు.

అక్క