ముందు షాఫ్ట్, తర్వాతే ప్రొపెల్లర్

అజ్మాన్,
మే 4

అన్నయ్యకు,

ఇక్కడ అంతా క్షేమం. దెబ్బతిన్న మన బోటు ప్రొపెల్లర్ ఫోటోలు నువ్వు పంపినవి చూశాను. ఒక రెక్క కొస వంగింది, ఇంకోదాని అంచు చిరిగింది. కొత్త ప్రొపెల్లర్ వేసెయ్యమని హార్బర్‌లో అందరూ అంటారు. నువ్వు మాత్రం ముందు షాఫ్ట్ (ఇంజన్ నుంచి వచ్చి ప్రొపెల్లర్‌ని తిప్పే ఇరుసు) సంగతి తేల్చు. దెబ్బ రెక్కకే తగిలినా దాని జోరు టేపర్ (ప్రొపెల్లర్ ఎక్కే, సన్నబడిన షాఫ్ట్ కొస) దాకా పోతుంది. వంగిన షాఫ్ట్‌కి కొత్త ప్రొపెల్లర్ బిగిస్తే అదురు తగ్గదు సరికదా, కట్‌లెస్ బేరింగ్ (నీళ్లలో షాఫ్ట్‌ని మోసే రబ్బరు బేరింగ్), గ్లాండ్ (షాఫ్ట్ చుట్టూ నీళ్లు లోపలికి రాకుండా ఆపేది), గేర్‌బాక్స్ సీలు వరసగా పోతాయి. వేట నిషేధం జూన్ 14 దాకా ఉందిగా, తొందరేం లేదు.

ప్రొపెల్లర్ నట్టు పూర్తిగా తీసెయ్యకు. నాలుగు చుట్లు వదులు చేసి ఉంచి, అప్పుడు పుల్లర్ (ప్రొపెల్లర్‌ని లాగి ఊడదీసే పనిముట్టు) వెయ్యి. లేకపోతే టేపర్ వదిలిన క్షణాన ప్రొపెల్లర్ ఎగిరి మనిషి మీద పడుతుంది. హబ్ (రెక్కలు కలిసే మధ్య భాగం) మీద సుత్తి పెట్టనివ్వకు. షాఫ్ట్ బయటికి లాగే ముందు చేత్తో పైకీ కిందకీ ఊపి చూడు. మనది 50 మిల్లీమీటర్ల షాఫ్ట్, 2 మిల్లీమీటర్ల ఆట (వదులు) ఉంటే బేరింగ్ మార్చాల్సిందే.

లేత్ షాపులో చక్‌కి పట్టి తిప్పి "బాగానే ఉంది" అంటారు, నమ్మకు. బేరింగులు కూర్చునే చోట్ల వి-బ్లాకుల (వి ఆకారపు గాడి ఉన్న దిమ్మలు) మీద పెట్టించి తిప్పుతూ, వంపుని ముల్లుతో చూపే డయల్ గేజ్‌తో అడుగు అడుగుకీ చూపించమను. ముల్లు మొత్తం 0.20 మిల్లీమీటరు కదిలితే అసలు వంపు 0.10 అని లెక్క. ముల్లు 0.10 మిల్లీమీటరు లోపే కదలాలి. అంతకు మించితే హైడ్రాలిక్ ప్రెస్ మీద కొంచెం కొంచెంగా సరిచెయ్యాలి. గ్యాసుతో ఎర్రగా కాల్చి నొక్కుతామంటే ఒప్పుకోకు, స్టెయిన్‌లెస్ స్టీలుని అలా కాలిస్తే ఉప్పునీళ్లు సరిగ్గా అక్కడే తినేస్తాయి. కీ (ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద జారకుండా పెట్టే ముక్క) గాడి మూలల్లో డై పెనెట్రెంట్ (పగుళ్లు చూపే ఎర్ర రంగు ద్రవం) కొట్టించు. పగులు ఎర్రగా బయటపడిందా, ఆ షాఫ్ట్ పాత ఇనుముకే. వెల్డింగ్ పెట్టి మళ్లీ సముద్రంలోకి తీసుకెళ్లే వస్తువు కాదది.

ఇక ప్రొపెల్లర్. మనది మాంగనీస్ బ్రాంజ్. పసుపు రంగు పోయి అక్కడక్కడ రాగిలా ఎర్రబడితే లోపలి జింక్ పోయినట్టే, దాని మీద డబ్బు పెట్టొద్దు. రంగు బాగుంటే పలచటి అంచుని చల్లగానే కొట్టి సరిచెయ్యొచ్చు. మందంగా ఉన్నచోట వెడల్పు మంటతో నిదానంగా 500 నుంచి 800 డిగ్రీల మధ్యకు తేవాలి. కంటితో అంచనా కుదరదు, టెంపరేచర్ చాక్ (ఎంత వేడెక్కిందో చూపే సుద్ద) వాడమను. వేడి మీద నీళ్లు పోస్తే ఒత్తిడి లోపలే ఉండిపోయి, కొన్నాళ్లకు దానంతటదే పగులుతుంది. చిరుగుని గ్రైండ్ చేసి, 150 డిగ్రీలు వేడెక్కించాక అల్యూమినియం బ్రాంజ్ కడ్డీతో టిగ్ వెల్డింగ్ పెట్టాలి. తర్వాత 350–500 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి, దుప్పటి కప్పి మెల్లగా చల్లారనివ్వాలి. ఈ ఆఖరి పనే చాలామంది ఎగ్గొడతారు. హబ్‌కి ఆనుకుని పగులుంటే వెల్డింగ్ ఆలోచనే వద్దు.

మూడు రెక్కల పిచ్ (రెక్క వాలు) ఒకటేగా ఉందో లేదో కొలిపించాకే బ్యాలెన్సింగ్. పిచ్ తేడా ఉంటే బరువు ఎంత సరిచేసినా అదురు పోదు. బరువు తగ్గించడానికి బోటు వైపు తిరిగిన ముఖం మీదే గ్రైండ్ చెయ్యాలి.

బిగించేటప్పుడు టేపర్‌కి నీలం (ఎక్కడ ఆనిందో చూపే రంగు) పూసి తోస్తే హబ్ లోపల 70 శాతం పైగా అంటాలి. కీ లేకుండా ఒకసారి ఎక్కించి, హబ్ ఎక్కడ ఆగిందో షాఫ్ట్ మీద గీత పెట్టు. కీ పెట్టాక కూడా అక్కడికే రావాలి. రాకపోతే ప్రొపెల్లర్ కీ మీద ఎక్కి కూర్చుంటోంది, కీ పైభాగం రాపించు. పలచ నట్టు ముందు, మందం నట్టు తర్వాత, ఆపైన కొత్త స్ప్లిట్ పిన్.

ఇంజన్ అలైన్‌మెంట్ (ఇంజన్‌నీ షాఫ్ట్‌నీ ఒకే గీతలో పెట్టడం) స్లిప్‌వే (బోటుని గట్టెక్కించే చోటు) మీద చెయ్యొద్దు. చెక్క బోటు గట్టు మీద ఒక ఆకారం, నీళ్లలో ఒక ఆకారం. దించాక ఒకటి రెండు రోజులు ఆగి, గేర్‌బాక్స్‌నీ షాఫ్ట్‌నీ కలిపే కప్లింగ్ బోల్టులు విప్పి నాలుగు వైపులా ఫీలర్ (సందు కొలిచే పలచ రేకు) పెట్టు. 150 మిల్లీమీటర్ల కప్లింగ్‌కి తేడా 0.15 మిల్లీమీటరు దాటకూడదు. నడిచేటప్పుడు గ్లాండ్ నుంచి నిమిషానికి కొన్ని చుక్కలు పడాలి. బొత్తిగా ఆపేలా బిగిస్తే గ్లాండ్ లోపలి ప్యాకింగ్ కాలి, షాఫ్ట్ మీద గాడి పడుతుంది.

హబ్ మీద కొట్టిన అంకెలు, డయల్ రీడింగులు ఫోటో తీసి పంపు. అమ్మని మందులు మానొద్దని చెప్పు.

ఇట్లు,
నీ తమ్ముడు