పుల్ల పుట్టింది బోస్టన్‌లో కాదు

సంపాదకుల వారికి,

కాక్‌టెయిల్ గ్లాసుల్లో పెట్టే రంగురంగుల పుల్లల మీద మొన్నటి ఆదివారం అనుబంధంలో పేజీడు వ్యాసం వేశారు. చిలకలు, గొడుగులు, కొబ్బరిచెట్లు, లాస్ వేగాస్ కాసినోల ముద్రలు... బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. చదివి ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఈ పుల్లను కనిపెట్టింది బోస్టన్‌కు చెందిన జే సిండ్లర్ అని అంత ధీమాగా రాస్తే, జన్మంతా బోటనీ పాఠాలు చెప్పినవాడికి చెయ్యి ఊరుకోదు కదా.

సిండ్లర్ కథ అబద్ధమని కాదు. అమెరికాలో మద్యనిషేధం 1933 డిసెంబరులో ఎత్తేశారు. ఆ రోజుల్లోనే ఆయన రిట్జ్ కార్ల్‌టన్ హోటల్ బార్లో కూర్చుని, మార్టీనీలో పడున్న ఆలివ్ కాయను వేలు పెట్టకుండా పైకి తీసేదెలా అని ఆలోచించాడట. ఒక చివర మొన, రెండో చివర చిన్న తెడ్డు, తెడ్డు మీద హోటల్ పేరు. 1935లో పేటెంటూ వచ్చింది. ఆయన కనిపెట్టింది పబ్లిసిటీకి ఇంకో జాగా, అంతే.

పుల్లతో పానీయం కలపడం అంతకు ఎంతో ముందే కరీబియన్ దీవుల్లో ఉంది. మార్టినిక్‌లో దాన్ని బ్వా లెలె అంటారు. క్వారారిబియా టర్బినాటా అనే చిన్న చెట్టు కొమ్మ అది, ఆ చెట్టుది మన పత్తి, బెండ, బూరుగుల కుటుంబమే. కణుపు దగ్గర రెమ్మలు ఒకే చోట నుంచి చుట్టూ విచ్చుకుంటాయి. అక్కడికి కోసి, బెరడు ఒలిచి, ఆ రెమ్మలను పొట్టిగా కత్తిరిస్తే అచ్చం మన కవ్వమే. రమ్ము, నిమ్మరసం, నలగ్గొట్టిన ఐసు వేసిన గ్లాసులో దాన్ని నిలబెట్టి, రెండు అరచేతుల మధ్య గిరగిరా తిప్పుతారు. గ్లాసు బయటివైపు తెల్లగా మంచు పట్టేదాకా తిప్పాలి. ఇలా తిప్పి చేసే పానీయమే స్విజిల్. ట్రినిడాడ్ దీవిలో, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని ఒకప్పటి క్వీన్స్ పార్క్ హోటల్ పేరుతో ఒక స్విజిల్ ఇప్పటికీ బార్ల మెనూల్లో ఉంది. బానిసల చాకిరీతో చెరకు పండించిన ఆ దీవుల ఊసు మీ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు. పేటెంట్ కాగితం ఉన్నవాడిదేమో ఆవిష్కరణ, లేనివాళ్లది ఉత్త అలవాటు! ఒకప్పుడు అనుబంధంలో తప్పు దొర్లితే వారం తిరక్కుండా ఏదో మూల సవరణ కనిపించేది. ఇప్పుడు నెట్‌లో దొరికిందే వేదం.

అసలు బాధ ఇంకొకటి. మన దేశంలో ప్లాస్టిక్ స్టిర్రర్ల, అంటే పానీయం కలిపే ఈ పుల్లల తయారీ, నిల్వ, అమ్మకం, వాడకం 2022 జూలై 1 నుంచి నిషేధం. కేంద్రం 2021 ఆగస్టులో ఇచ్చిన నోటిఫికేషన్‌లో స్ట్రాలు, చెంచాలతో పాటు వీటి పేరు కూడా విడిగా ఉంది. అంత పెద్ద వ్యాసంలో ఆ ముక్క రాయడానికి చోటు చాలలేదా?

బార్ల సంగతి నాకు తెలీదు, నేను ముట్టను. పెళ్లి రిసెప్షన్లలో మాత్రం చూస్తూనే ఉన్నాను. మద్యం లేని మాక్‌టెయిల్ కౌంటర్ దగ్గర ఇంకు కలిపినట్టున్న నీలి షర్బత్తు, అందులో నెత్తిన ప్లాస్టిక్ అనాసపండు ఉన్న పుల్ల. పిల్లలు గుప్పెడేసి పట్టుకుపోతారు. తాగినవాళ్లు గ్లాసు అక్కడే వదిలేస్తారు. తెల్లారేసరికి హాలు వెనక విస్తరాకులు, మిగిలిన అన్నంతో కలిసి అవన్నీ ఒకే కుప్ప, కుప్పలో మూతి పెట్టి రెండు ఆవులు. అడిగితే “బయో ప్లాస్టిక్ సార్” అంటాడు కేటరింగ్ కుర్రాడు. బయో ప్లాస్టిక్ అనే ముద్ర పుల్ల మీద ఎక్కడుందో చూపించమంటే నవ్వి ఊరుకుంటాడు.

శుభలేఖకు చుట్టిన పొర, స్వీటు బాక్సు మీది పొర, గుమ్మం ముందు పల్చటి పీవీసీ బ్యానరు కూడా ఆ నిషేధ జాబితాలోనివే. అన్నీ ఒకే చోట చూడాలంటే ఎగ్జిబిషన్‌కు పోనక్కర్లేదు, రిసెప్షన్‌కు వెళితే చాలు. అక్షింతలు వేయడానికి వచ్చిన అధికారి గారు ఆ పుల్లతోనే కలుపుకుని తాగుతుంటే ఎవరికి చెప్పుకోవాలి? పూలమ్ముకునే ముసలమ్మ దగ్గర కవర్లు లాక్కుని ఫైన్ రాయడానికి మాత్రం చట్టం బాగా గుర్తుంటుంది. ఫంక్షన్ హాలు స్టోర్ రూమ్ తలుపు తీయమన్న ఇన్‌స్పెక్టరు ఇంతవరకు నా కంటపడలేదు.

సవరణ ఎలాగూ వేయరు. కనీసం వచ్చే ముహూర్తాలకు మీ విలేకరిని ఏదో ఒక హాలు వెనక గేటు వైపు పంపండి. ముందు గేటు దగ్గర వధూవరులతో అధికారుల ఫొటోలు మీ జిల్లా పేజీలో ఎటూ వస్తాయి.

- ఒక రిటైర్డ్ బోటనీ లెక్చరర్, గుంటూరు జిల్లా